నాలుగున్నర గంటల రోడ్డు ఎవరిది?

(ప్రొద్దుటూరులో మహిళా కార్యకర్తల సమావేశంలో ఒక ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం. ఆమె కోరిక మేరకు పేరు ప్రచురించడం లేదు.)



నన్ను మాట్లాడమని అడిగినప్పుడు మొదట రానన్నాను. హక్కుల గురించి మాట్లాడేంత చదువు గానీ అనుభవం గానీ నాకు లేవు. ఏ పోరాటంలోనూ జైలుకు పోలేదు. ఏ కేసూ గెలవలేదు. నేను చేసిందల్లా తెల్లవారుజామున లేచి రోడ్డు మీద పరుగెత్తడం. అందులో సభలో చెప్పుకునేంత ఏముందని అడిగాను. "రోడ్డు మీద ఏం జరిగిందో అదే చెప్పు" అన్నారు. సరే, అదే చెప్తాను. ఉపన్యాసంలా ఉండకపోతే ఏమనుకోవద్దు.

వచ్చే ఆగస్టులో హైదరాబాదులో జరిగే మారథాన్‌కు నా పేరు ఇచ్చాను. ఇదే మొదటిసారి. ఇంకా పరుగెత్తలేదు కాబట్టి విజయగాథ ఏమీ లేదు. మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే ఇక్కడ ప్రొద్దుటూరులో బయలుదేరి జమ్మలమడుగు పోయి, మళ్ళీ వెనక్కి రావడం. దాదాపు అంతే దూరం. మా పుట్టిల్లు జమ్మలమడుగు కనుక పెళ్ళయినప్పటి నుంచీ ఆ దూరం నాకు బస్సు కిటికీలోంచి తెలుసు. ఆ చివరి 195 మీటర్లు ఎందుకని మీలో ఎవరికైనా సందేహం రావచ్చు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగును విండ్సర్ రాజభవనం దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటికి ఎదురుగా ముగించారు. ఆ లెక్కే 1921లో ఖాయమయింది. రాజుల సౌకర్యం కోసం పుట్టిన దూరాన్ని ఇవాళ్టికీ అందరం పరుగెత్తుతున్నాం!

నేను పరుగు మొదలుపెట్టింది ఏదో సాధించాలని కాదు. మూడేళ్ళ కింద క్లాసులో నిలబడి పాఠం చెప్తూ కళ్ళు తిరిగి పడిపోయాను. పరీక్ష చేస్తే రక్తం 9 గ్రాములే ఉందన్నారు. నాకే ఏదో పెద్ద జబ్బు వచ్చిందని భయపడ్డాను. తర్వాత తెలిసింది, 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో వందకు 58.8 మందికి రక్తహీనత ఉందని. అంటే నేను జబ్బుమనిషిని కాదు, మెజారిటీ మనిషిని. ఆరు నెలలు ఐరన్ మాత్రలు మింగాను. రాగి సంగటి, ఆకుకూర, చెనక్కాయలు, బెల్లం తిన్నాను. ఇవన్నీ మన ఇళ్ళలో ఉండేవే. నేనే వండి నేనే వడ్డించి, చివరికి మిగిలింది తినేదాన్ని. అంతే తేడా. రక్తం 12 దాటాక డాక్టరమ్మ నడవమంది. నడక మొదలుపెట్టాను. ఒకరోజు ఎందుకో తెలియదు, పది అడుగులు పరుగెత్తాను.

ఆ పది అడుగుల్లో నాకు గుర్తొచ్చింది మా బడి. 1990ల్లో జమ్మలమడుగు దగ్గర పల్లెలో నేను ఖోఖో ఆడేదాన్ని. బాగా ఆడేదాన్ని. పెద్దమనిషినయ్యాక ఆట మానేశాను. మానెయ్యమని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. మా జేజి "ఇంక చాల్లేమ్మా" అంది, అంతే. అప్పటికి మా ప్రాంతంలో ముఠా కక్షలు. మగవాళ్ళే చీకటి పడ్డాక బయట తిరగడానికి జంకే రోజులు. ఆడపిల్ల ఆట గురించి ఎవరు ఆలోచిస్తారు? ఇరవై అయిదేళ్ళ తర్వాత మళ్ళీ పరుగెత్తితే కాళ్ళకు గుర్తుంది గానీ ఊపిరికి గుర్తులేదు.

పరుగు నేర్చుకోవడం గురించి రెండు మాటలు చెప్పి వదిలేస్తాను, మీలో కొందరు అడిగారు కాబట్టి. మొదట ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. పక్కన మనిషి ఉంటే మాట్లాడగలిగేంత మెల్లగా పరుగెత్తాలి. ఆయాసం వచ్చి మాట రాకపోతే వేగం ఎక్కువైందని అర్థం. వారానికి నాలుగు రోజులు చాలు. ఆదివారం దూరపు పరుగు. ఒక వారానికీ ఇంకో వారానికీ దూరం పదో వంతుకు మించి పెంచకూడదంటారు. మూడు వారాలు పెంచి నాలుగో వారం తగ్గించాలి. మారథాన్‌కు ముందు 30, 32 కిలోమీటర్ల దాకా పోతే చాలు, మిగతాది ఆ రోజు పరుగెత్తడమే. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. కాళ్ళు నేర్చుకుంటాయి. నాకు కష్టమైంది కాళ్ళతో కాదు.

మొదట ఒక మైదానానికి పోయాను. పేరు చెప్పను. పొద్దున్నే తీసి ఉంటుంది, మగపిల్లలు క్రికెట్ ఆడతారు, పెద్దమనుషులు నడుస్తారు. మూడో రోజు కాపలాదారు వచ్చి, "మీరు నడిస్తే పర్వాలేదు మేడమ్, పరుగెత్తితే పిల్లలు చూస్తాండారు" అన్నాడు. మంచివాడే, గొంతు తగ్గించి మర్యాదగానే చెప్పాడు. చూసేవాళ్ళను ఏమీ అనకుండా, కనిపించేవాళ్ళను పొమ్మనడం మనకు కొత్తేమీ కాదు గదా. నేనూ వాదించలేదు. రోడ్డెక్కాను.

బట్టల సంగతి. చుడీదారు మీద చున్నీని నడుముకు బిగించి కొన్ని నెలలు పరుగెత్తాను. తర్వాత చున్నీ ఇంట్లో వదిలేశాను. పరుగెత్తే ఆడవాళ్ళకు లోపల వేసుకునే గట్టి బాడీ ఒకటి ఉంటుంది, స్పోర్ట్స్ బ్రా అంటారు. బట్టల వ్యాపారానికి అంత పేరున్న మన ప్రొద్దుటూరులో దాని కోసం నాలుగు అంగళ్ళు తిరిగాను. అన్నిచోట్లా అమ్మేవాళ్ళు మగవాళ్ళే. ఒకాయన "ఏం ఆటమ్మా?" అని అడిగాడు. చివరికి పులివెందులలో ఉన్న మా ఆడబిడ్డ కూతురు ఫోనులో తెప్పించి ఇచ్చింది. ఈ వస్తువు 1977లో అమెరికాలో ముగ్గురు ఆడవాళ్ళు కలిసి తయారుచేశారట. మగ ఆటగాళ్ళు కట్టుకునే లంగోటా లాంటివి రెండు కలిపి కుట్టి మొదటి నమూనా చేశారట. అంతకుముందు వరకూ ఆడవాళ్ళు నొప్పి భరిస్తూ పరుగెత్తారు, లేదా మానేశారు. నవ్వుతున్నారు గానీ, చాలామంది ఆడపిల్లలు ఏడో తరగతిలో ఆట మానడానికి ఇదీ ఒక కారణమని టీచరుగా నాకు తెలుసు. పిల్ల చెప్పదు. తల్లి అడగదు.

చీరలో పరుగెత్తొచ్చు గదా అన్నారు మా బంధువులు. నిజమే. 2017లో హైదరాబాదు మారథాన్‌ను జయంతీ సంపత్ కుమార్ చీర కట్టుకుని అయిదు గంటల లోపు పూర్తిచేశారు. చేనేతకు ప్రచారం కావాలని ఆమె ఆ పని చేశారు. 2023లో ఇంగ్లండులో మధుస్మితా జెనా దాస్ అనే ఒడియా ఆమె సంబల్‌పురి చీరలో మాంచెస్టర్ మారథాన్ పరుగెత్తారు. వాళ్ళ దమ్ముకు చేతులెత్తి మొక్కుతాను. కానీ ఒకటి గమనించాను. ఆ ఫోటోలు నాకు పంపించి మెచ్చుకున్న మగవాళ్ళంతా చీరను మెచ్చుకున్నారు, పరుగును కాదు. "చూడు, పద్ధతిగా ఎట్లా పరుగెత్తిందో" అన్నారు. వాళ్ళు తమ ఇష్టంతో ఎంచుకున్న చీర నా మీదికి నియమంగా వచ్చిపడింది.

ఇంకో చీర గురించి కూడా చెప్పాలి. మహారాష్ట్రలోని బారామతిలో లతా కరే అని ఒకామె ఉంది. కూలి చేసుకునే మనిషి. అరవై దాటాక భర్తకు జబ్బు చేసింది. స్కానింగుకు డబ్బు లేదు. ఊళ్ళో పెద్దవయసు వాళ్ళకు మూడు కిలోమీటర్ల పరుగు పందెం పెడితే, బహుమతి అయిదు వేల రూపాయల కోసం తొమ్మిది గజాల చీరతో, వట్టి కాళ్ళతో పరుగెత్తి గెలిచింది. మన తెలుగు దర్శకుడు నవీన్ దేశబోయిన ఆమె కథను ఆమెతోనే నటింపజేసి సినిమా తీశాడు. 2020లో వచ్చింది. జాతీయ అవార్డుల్లో ఆమెకు ప్రత్యేక ప్రస్తావన దొరికింది. ఆ చీర ఆమె ఎంచుకున్నది కాదు, ఆమెకు ఉన్నది. ఒక పేద మనిషికి స్కానింగు చేయించడానికి ఆమె భార్య పరుగెత్తి గెలవాల్సి రావడం నాకు స్ఫూర్తి కలిగించే కథగా అనిపించలేదు. కడుపు రగిలింది.

ఆడవాళ్ళు దూరం పరుగెత్తడం మన దగ్గరే వింత అనుకోకండి. 1896లో ఏథెన్స్‌లో మొదటి ఒలింపిక్స్ జరిగినప్పుడు స్తమాతా రెవితి అనే పేద స్త్రీ, చంకబిడ్డ తల్లి, నేనూ పరుగెత్తుతానంది. ఒప్పుకోలేదు. మగవాళ్ళ పందెం అయిన మర్నాడు అదే దారిలో ఒంటరిగా పరుగెత్తింది. స్టేడియం లోపలికి రానివ్వలేదు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు 800 మీటర్లు పెట్టారు. పరుగయ్యాక కొందరు అలసి నేలమీద కూలబడితే, ఆడవాళ్ళంతా సొమ్మసిల్లి పడిపోయారని పత్రికలు రాశాయి. దాంతో 1960 దాకా ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు 200 మీటర్లకు మించిన పరుగే లేదు! మగవాడు అలసి పడిపోతే వీరుడు. ఆడది పడిపోతే మొత్తం ఆడజాతికి ముప్ఫై రెండేళ్ళ నిషేధం. 1967లో బోస్టన్ మారథాన్‌లో కేథరిన్ స్విట్జర్ పొడి అక్షరాలతో పేరిచ్చి, 261 నంబరు కట్టుకుని పరుగెత్తుతుంటే నిర్వాహకుడు ఒకాయన దారిలోనే మీదపడి ఆ నంబరు లాగెయ్యబోయాడు. ఆ ఫోటో లోకమంతా చూసింది. ఆమె ఆగలేదు, పూర్తిచేసింది. పరుగెత్తితే గర్భసంచి జారిపోతుందని ఆ రోజుల్లో చెప్పేవాళ్ళట. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ మారథాన్ మొదలైంది 1984లో. నేను పుట్టడానికి కొంచెం ముందు. మర్నాటి ఏడాదే మన దేశపు ఆశా అగర్వాల్ జకార్తాలో ఆసియా ఛాంపియన్ అయింది. ఆ పేరు నేను బడిలో ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఇక మన రోడ్డు దగ్గరికి వస్తాను.

నాలుగున్నరకు రోడ్డు ఖాళీగా ఉంటుందని, ఆ చీకట్లో నేనొక్కదాన్నే ధైర్యంగా పరుగెత్తుతున్నానని మొదటి వారం నాకు కొంచెం గర్వంగా ఉండేది. రెండో వారానికి ఆ గర్వం పోయింది. రోడ్డు ఖాళీగా లేదు. చీపుర్లతో రోడ్లూడ్చే ఆడవాళ్ళు నాకంటే ముందే వచ్చి ఉన్నారు. పాల క్యాన్లు దించుకునే ఆమె ఉంది. పూలబుట్టతో బస్సు కోసం నిలబడ్డ ముసలమ్మ ఉంది. ఇంకొంచెం తెల్లారితే చేని పనులకు పోయే ఆడవాళ్ళు ఆటోల్లో కిక్కిరిసి, కాళ్ళు బయటికి వేలాడేసుకుని పోతుంటారు. పులివెందులలో మా ఆడబిడ్డ ఇంటికి పోయినప్పుడు అక్కడా చూశాను. చీనీ తోటలకూ అరటి తోటలకూ పోయే ఆటోలు అవే. ఈ ఆడవాళ్ళంతా ఏళ్ళ తరబడి ఈ చీకటిలోనే నడుస్తున్నారు. "ఒంటరిగా ఎందుకు పోతావు, ఏమైనా అయితే?" అని నన్ను అడిగిన పెద్దమనుషుల్లో ఒక్కరైనా వాళ్ళను ఎప్పుడైనా అడిగారా? వాళ్ళకు ఏమైనా అయితే ఫర్వాలేదా?

రోడ్లూడ్చే వాళ్ళలో ఒకామె మొదటి రోజే నన్ను ఆపింది. "ఎవురు తరుముతాండారమ్మా నిన్ను?" అని అడిగింది. ఎవరూ తరమడం లేదక్కా, ఊరికే పరుగెత్తుతున్నానని చెప్పాను. చీపురు ఆనించుకుని నిలబడి చాలాసేపు నవ్వింది. తర్వాత నేను వచ్చే వేళకు ఆ వీధి దుమ్ము ఊడ్చకుండా ఆగేది, నేను దాటిపోయాక ఊడ్చేది. నేను అడగలేదు. నా ఊపిరి గురించి ఆమె ఆలోచించింది. ఆమె ఊపిరి గురించి నేను ఆలోచించడానికి నాకు నెలలు పట్టింది.

మన రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో భాగం మీకు తెలిసే ఉంటుంది. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, నలుగురూ తిరిగే చోట్లు, ప్రభుత్వ ధనంతో నడిచేవి, వీటిని వాడుకోవడంలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ అడ్డుకోరాదని ఉంది. ఈ మాట రాజ్యాంగంలో ఉండడానికి కారణం అంటరానితనం. ఊరి రోడ్డు మీద నడవనివ్వని కులాల పోరాటం. అదే వాక్యంలో లింగం అనే మాట కూడా ఉండడంతో రోడ్డు నాకూ దక్కింది. రోడ్లూడ్చే అక్క చాలావరకు ఏ కులాల నుంచి వస్తుందో మీకు చెప్పక్కరలేదు. రోడ్డు హక్కు ముందు వాళ్ళది, నేను వెనక వచ్చినదాన్ని.

జనవరిలో ఒక మోటారు సైకిలు నా వెనక పడింది. మొదట అనుమానం. మూడో రోజుకు ఖాయమైంది. పక్కనే మెల్లగా నడుపుతూ, "ఎంత దూరం మేడమ్, దింపుతా" అనేవాడు. ఇంట్లో చెప్తే ఆ క్షణంలో వచ్చే మాట ఏమిటో మీకందరికీ తెలుసు. "ఇంక మానెయ్." నాకు భయం వేసింది వాణ్ణి చూసి కాదు, ఇంట్లో చెప్పాల్సి వస్తుందని. ఎంతమంది ఆడపిల్లలు వెంటపడేవాళ్ళ సంగతి ఇంట్లో చెప్పకుండా దాస్తారో, ఎందుకు దాస్తారో అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. ఒక స్టేషనుకు పోయాను. ఏ ఊరని అడగొద్దు. "అంత చీకట్లో మీరెందుకు పోవాలి?" అన్నది అక్కడ మొదటి ప్రశ్న. నాతో వచ్చిన మీ సంఘం అక్క అప్పుడు చట్టం చెప్పింది. స్త్రీ ఇష్టం లేదని తెలిసీ పదేపదే వెంటపడడం నేరమని 2013లో శిక్షాస్మృతిలో 354-డి సెక్షన్ చేర్చారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే 78వ సెక్షన్. అందులో ఆడది ఏ వేళకు బయటికి పోవాలో ఎక్కడా రాసి లేదు. ఆ మాట అనగానే గొంతు మారింది, కాగితం తీసుకున్నారు. బండి మళ్ళీ కనిపించలేదు. మీరు పల్లెల్లో పనిచేసేవాళ్ళు, ఆ సెక్షన్ నంబరు మారిన సంగతి అందరికీ చెప్పండి. పాత నంబరు చెప్తే కొందరు దాన్నే సాకుగా తీసుకుంటున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. నేను ఈ సభకు రావడానికి ఒప్పుకున్నది దీని కోసం.

జూన్ మొదటి ఆదివారం నేను 26 కిలోమీటర్లు పరుగెత్తాలి. జమ్మలమడుగు రోడ్డు మీద 13 పోయి, 13 వెనక్కి. నాలుగింటికి బయలుదేరాను. మన ఎండ సంగతి తెలుసు గదా, ఆరున్నరకే వీపు కాలుతుంది. సీసాలో నీళ్ళున్నాయి, ఉప్పూ చక్కెరా కలుపుకున్నాను. కానీ తాగలేదు. ఎందుకు తాగలేదంటే, ఆ దారిలో పోవడానికి చోటు లేదు. చీకట్లో అయితే ఎక్కడైనా చెట్టు చాటు. తెల్లారాక లేదు. అందుకని రాత్రి నుంచే నీళ్ళు తగ్గించాను. ఇది నేను అలవాటుగా చేసే పని. బడికి పోయే రోజుల్లోనూ ఇంతే. పదిహేనేళ్ళుగా బస్సు ప్రయాణం అంటే నీళ్ళు మానడమే.

24వ కిలోమీటరు దగ్గర చెమట ఆగిపోయింది. చలి వేసింది. ఆ ఎండలో చలి! కళ్ళ ముందు తెల్లగా అయింది. రోడ్డు పక్కన కూర్చున్నాను, వాంతి అయింది. తర్వాత కొంతసేపు నాకు గుర్తులేదు. కళ్ళు తెరిచేసరికి నలుగురు ఆడవాళ్ళు. పనికి పోయే ఆటో ఆపి దిగారు. ఒకామె కొంగు తడిపి మెడకు చుట్టింది. ఒకామె తన సద్దిలోని మజ్జిగ కొంచెం కొంచెంగా పట్టింది. వాళ్ళ కూలి వేళ దాటిపోతోంది, ఆటో అతను తొందరపెడుతున్నాడు. వాళ్ళు కదల్లేదు.

"సీసా నిండా నీళ్ళు పెట్టుకోని ఏంటికి తాగల్యా?" అని అడిగింది ఒకామె. నేను సిగ్గుపడుతూ చెప్పాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు. "మేమూ అంతేమ్మా. తాగితే యాడికి పోవల్ల? మగోళ్ళు చేని గట్టు మీదనే ఉంటారు" అంది. పొద్దున ఆరుకు బయలుదేరి సాయంత్రం వరకు రెండుసార్లే తాగుతామని, బయటున్న రోజుల్లో అసలు తాగమని, మూత్రంలో మంట అందరికీ మామూలేనని మాట్లాడుకున్నట్టే చెప్పారు. నాకు ఒక్కరోజు వచ్చిన ప్రమాదం వాళ్ళకు రోజూ ఉంది. నేను ఇష్టపడి చేసే 26 కిలోమీటర్లకూ, వాళ్ళు వంగి చేసే ఎనిమిది గంటలకూ ఎండ ఒకటే.

2016లో రియో ఒలింపిక్స్ మారథాన్‌లో మన దేశం తరఫున పరుగెత్తిన ఓ.పి. జైషా గమ్యం చేరగానే కుప్పకూలిపోయింది. అంతకు ముందు ఏడాదే 2 గంటల 34 నిమిషాల 43 సెకన్లలో జాతీయ రికార్డు పెట్టిన మనిషి ఆమె. రియోలో 2 గంటల 47 నిమిషాలు పట్టింది. దారిలో మన దేశానికి కేటాయించిన చోట్ల నీళ్ళిచ్చే మనిషే లేడని ఆమె చెప్పింది. అథ్లెటిక్స్ సమాఖ్య కాదంది. ఆ వివాదంలోకి నేను పోను. అప్పుడు పేపర్లో చదివి అయ్యో అనుకున్నాను. రోడ్డు పక్కన ఒక కూలి స్త్రీ ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నప్పుడు మాత్రం వేరేగా గుర్తొచ్చింది.

ఆ రోజు మధ్యాహ్నం ఇంట్లో ఇంకో గొడవ. మా ఇంటాయన మంచివాడు, పరుగు మానమనలేదు. "జాగ్రత్తగా ఉండు" అన్నాడు. మా అత్త మాత్రం ఏమీ మాట్లాడకుండా వంటింట్లో మోకాలు పట్టుకుని కూర్చుంది. అప్పుడు చూశాను. నేను ఆదివారాలు నాలుగు గంటలు పరుగెత్తుతుంటే ఆ పూట ఇంటి పనంతా ఎవరు చేస్తున్నారు? అరవై ఆరేళ్ళ ఆమె. సంగటి కెలికేది, పిల్లలకు నీళ్ళు పోసేది, గిన్నెలు తోమేది. నా స్వేచ్ఛకు ఆమె మోకాళ్ళు కూలి చెల్లిస్తున్నాయి. 2019లో ప్రభుత్వం చేసిన సర్వేలో జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. 2024లో మళ్ళీ లెక్కవేస్తే 289, 88. రెండు లెక్కలూ తగ్గాయి, మధ్యనున్న తేడా ఒక్క నిమిషం తగ్గింది! మా ఇంట్లో నా నిమిషాలు తగ్గితే అవి మా అత్త ఖాతాలోకి పోయాయి, మా ఇంటాయన ఖాతాలోకి కాదు. స్త్రీ విముక్తి అని మనం అనుకునేది చాలా ఇళ్ళలో ఒక ఆడదాని బరువు ఇంకో ఆడదాని నెత్తిన పెట్టడమే అవుతోందేమో, మీరు ఆలోచించండి.

ఆ రాత్రి ఆయనతో మాట్లాడాను. కొట్లాట కూడా అయింది. ఇప్పుడు ఆదివారం వంట ఆయనది. సంగటి ఉండలు కడుతోంది. మా అత్త "నేను చేస్తాలే" అని లేస్తుంది, నేను కూర్చోబెడతాను, నేను రోడ్డు మీదికి పోగానే మళ్ళీ లేస్తుందట. ఇది తేలలేదు. తేలిందని మీకు చెప్పలేను.

రోడ్డు మీద సంగతి మాత్రం కదిలించాం. ఆ నలుగురు ఆడవాళ్ళనూ వెతికి పట్టుకున్నాను. రోడ్లూడ్చే అక్కలు కలిశారు. మీ సంఘం వాళ్ళు కలిశారు. మేము అడుగుతున్నవి పెద్దవి కావు. ఊళ్ళో ఇప్పటికే కట్టి ఉన్న మరుగుదొడ్లకు తాళాలు ఎనిమిదింటికి తీస్తున్నారు, వాటిని తెల్లవారుజామున నాలుగింటికే తియ్యాలి. రోడ్లూడ్చే వాళ్ళు పని మొదలుపెట్టేది ఆ వేళకే గదా. జమ్మలమడుగు దారిలో ఆటోలు ఆగే చోట ఆడవాళ్ళకు ఒకటి కట్టాలి, నీళ్ళతో సహా. నీళ్ళు లేని మరుగుదొడ్డి బొమ్మ మాత్రమేనని మీకు తెలుసు. లైట్లు లేని ముక్క ఒకటుంది, అక్కడ లైట్లు వెయ్యాలి. ఒకసారి కాగితం పట్టుకుని పోయాం. "పరుగు పందేలకు మా దగ్గర నిధుల్లేవు" అన్నారు. నన్ను చూసి అట్లా అన్నారు. నేను ముందు నిలబడడం తప్పయింది. రెండోసారి రోడ్లూడ్చే అక్క ముందు నిలబడింది, నేను వెనక. అప్పుడు కాగితం తీసుకుని ముద్ర వేసి ఇచ్చారు. ఇంకా జవాబు రాలేదు.

నేను ఇప్పుడు నీళ్ళు తాగుతున్నాను. అరగంటకు ఒకసారి నాలుగు గుక్కలు, మధ్యలో మజ్జిగ. ఆ దారిలో ఒక రైతు ఇల్లుంది, ఆ ఇంటామె తన దొడ్డి వాడుకోమంది. నాకు ఒక ఇల్లు దొరికింది. ఆటోలో పోయే నలభై మందికి ఆ ఇల్లు చాలదు.

వచ్చే ఆదివారం 29 కిలోమీటర్లు. నాలుగింటికి బయలుదేరతాను. మొదటి రెండు కిలోమీటర్లు నాతో నడవడానికి మా బడి ఆయమ్మ, ఇంకో ఇద్దరు టీచర్లు వస్తామన్నారు. మీలో వచ్చేవాళ్ళుంటే చెప్పులైనా పర్వాలేదు, రండి. సంతకాల కాగితం అదిగో ఆ బల్ల మీద ఉంది. వేలిముద్ర వేసేవాళ్ళ కోసం ఇంకు కూడా తెచ్చాం.